వానాకాలంలో అండమాన్: పడవ రద్దయినా చెడని ప్రయాణం వేసుకోవడం ఎలా?

"జూలైలో అండమాన్ వెళ్ళవచ్చా?" వేసవి సెలవులు ముగిసింది మొదలు దసరా దాకా ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది. హోటళ్ళు చవకగా దొరుకుతాయి, విమాన టికెట్టు ధర దిగుతుంది, ట్రావెల్ ఏజెంటు "వాన పెద్దగా ఉండదండీ" అంటాడు. వాన ఉంటుంది, బాగానే ఉంటుంది. అయినా వెళ్ళవచ్చు. మార్చి నెలకు సరిపోయే ప్రణాళికను తేదీలు మార్చి జూలైకి వాడితేనే చిక్కు.

ముందుగా ఒక మాట. అండమాన్‌లో సెలవులను వాన పాడుచేయదు, రద్దయిన పడవ పాడుచేస్తుంది. వాన పడితే వరండాలో కూర్చుని టీ తాగవచ్చు. పడవ ఆగితే మీ హోటలు ఒక దీవిలో, మీ విమానం ఇంకో దీవిలో ఉండిపోతాయి. కింద రాసిన అంచెలన్నీ ఈ ఒక్క ఇబ్బందిని తప్పించడానికే.

పేర్ల సంగతి కూడా తెలుసుకోండి. పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయ పురం అని పేరు మార్చారు. హేవ్‌లాక్ దీవి 2018 చివర్లో స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ దీవి షహీద్ ద్వీప్ అయింది. టికెట్ల మీద పాత పేరైనా ఉండవచ్చు, కొత్తదైనా ఉండవచ్చు. ఇక్కడ జనం నోట్లో ఉన్న పాత పేర్లే వాడుతున్నాను.

ఎవరు వెళ్ళకపోవడం మంచిది

స్కూబా డైవింగ్ కోసమే వెళ్ళేవారు జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆగండి. వానాకాలంలో నీరు మసకబారుతుంది, అలల రోజున డైవింగ్ అసలే ఉండదు. కారు కుదుపుకే వాంతులు చేసుకునే పిల్లలు, నిండు గర్భిణులు, మోకాళ్ళ నొప్పితో జారుడు మెట్లు ఎక్కలేని పెద్దలు ఉన్న కుటుంబాలకూ ఇదే సలహా. సెలవు సరిగ్గా నాలుగు రోజులే ఉండి, ఐదో రోజు ఆఫీసులో తప్పనిసరిగా ఉండాల్సినవారు కూడా వద్దు.

దగ్గర ఉండాల్సినవి

- కనీసం ఆరు రాత్రుల వ్యవధి
- ప్రతి ఒక్కరికీ అసలు గుర్తింపు కార్డు, తడవని కవరులో దాని నకలు
- వానకోటు (సముద్రపు గాలిలో గొడుగు నిలవదు)
- నీరు చొరని సంచి ఒకటి, జిప్ కవర్లు నాలుగైదు
- త్వరగా ఆరే బట్టలు, బట్టలు ఆరేయడానికి సన్నని నైలాన్ తాడు
- వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు
- టార్చి, పవర్ బ్యాంకు
- దోమల మందు, గాయాలకు పూసే మందు, ఓఆర్ఎస్ పొట్లాలు, డాక్టరు సూచించిన వాంతుల మాత్రలు
- మూడు రోజుల ఖర్చుకు సరిపడా నగదు

జీన్స్ ఇంట్లోనే ఉంచండి. ఒకసారి తడిస్తే ఆ గాలి తేమకు తిరుగు ప్రయాణం దాకా ఆరవు. పాత వార్తాపత్రికలు కొన్ని పెట్టుకోండి. తడిసిన బూట్లలో రాత్రి కుక్కి పెడితే పొద్దునకు తేమ చాలావరకు లాగేస్తాయి.

1. నెలను ఎంచుకోండి

నైరుతి రుతుపవనాలు కేరళ కంటే ముందే, మామూలుగా మే మూడో వారానికల్లా అండమాన్‌ను తాకుతాయి. అక్కడినుంచి సెప్టెంబరు దాకా అసలైన వానాకాలం. హైదరాబాదులో ఏడాది మొత్తానికి 800 మిల్లీమీటర్ల ప్రాంతంలో వాన పడితే, పోర్ట్ బ్లెయిర్‌లో 3,000 మిల్లీమీటర్ల దాకా పడుతుంది. జూన్ ఒక్క నెలలోనే 400 దాటడం మామూలే.

అక్టోబరు రాగానే వాన వెళ్ళిపోయిందనుకోవడం పొరపాటు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపాన్ల కాలం, అల్పపీడనాలు చాలాసార్లు అండమాన్ చుట్టుపక్కలే పుడతాయి. 2016 డిసెంబరులో వర్దా తుపాను రూపుకట్టే సమయంలో పడవలు ఆగిపోయి, హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యిమందికి పైగా పర్యాటకులు చిక్కుకున్నారు. నౌకాదళం ఓడలు పంపి తీసుకురావాల్సి వచ్చింది. అది క్యాలెండరు ప్రకారం "మంచి సీజను".

తేదీలు మీ చేతిలో ఉంటే సెప్టెంబరు రెండో సగం చూడండి. జూన్ తొలి వారాలు, రుతుపవనం ఉధృతంగా ఉండే రోజులు, నా మటుకు నేను ఎవరికీ చెప్పను.

2. రోజులను వెనక నుంచి లెక్కపెట్టండి

అన్నిటికంటే ముఖ్యమైన అంచె ఇదే. తొందర ఉన్నవారు మిగతావి వదిలేసినా దీన్ని వదలకండి.

చాలా ప్యాకేజీల్లో చివరి రాత్రి హేవ్‌లాక్‌లో, మర్నాడు పొద్దున పడవ, మధ్యాహ్నం విమానం అని ఉంటుంది. ఎండాకాలంలో నడిచిపోతుంది. వానాకాలంలో ఇది జూదం. కాబట్టి మొదట తిరుగు విమానం తేదీ రాయండి. దానికి ముందు రెండు రాత్రులు పోర్ట్ బ్లెయిర్‌లో ఉంచండి. మిగిలినవే దీవులకు.

ఆరు రాత్రులకు ఇలా వస్తుంది:

- 1వ రాత్రి: పోర్ట్ బ్లెయిర్
- 2, 3, 4 రాత్రులు: హేవ్‌లాక్
- 5, 6 రాత్రులు: పోర్ట్ బ్లెయిర్
- 7వ రోజు: విమానం

ఐదో రోజు పడవ రద్దయితే ఆరో రోజు వస్తారు, విమానం అందుతుంది. రెండో రోజు పడవే రద్దయితే హేవ్‌లాక్‌లో ఒక రాత్రి తగ్గుతుంది, అంతే. ఇందులో నీల్ దీవి లేదు, కావాలనే తీసేశాను. హేవ్‌లాక్, నీల్, మళ్ళీ పోర్ట్ బ్లెయిర్ అంటే మూడు పడవలు. ఒకటి తప్పితే తర్వాతి రెండు టికెట్లూ, ఒక హోటలు గదీ పోతాయి. నీల్ చూడాల్సిందే అంటే ఎనిమిది రాత్రులు పెట్టుకోండి, లేదా హేవ్‌లాక్ మానేసి నీల్ ఒక్కటే చూడండి.

సరిచూసుకోవడం ఇలా: ప్రణాళికను కాగితం మీద రాసి, అందులో ఏదో ఒక పడవను కొట్టేయండి. మర్నాటి పడవతో విమానం అందుతుందా? ఒక్కో పడవనూ ఇలాగే కొట్టేసి చూడండి. ఎక్కడైనా "అందదు" అని వస్తే ఆ ప్రణాళిక పనికిరాదు, ఏజెంటు ఎంత ధైర్యం చెప్పినా సరే.

3. టికెట్లు

విమానం పొద్దుటిదే తీసుకోండి. వాతావరణం బాగాలేక పోర్ట్ బ్లెయిర్‌లో దిగలేకపోతే విమానం వెనక్కి మళ్ళుతుంది. దగ్గరలో దిగడానికి ఇంకో పెద్ద విమానాశ్రయం లేదు. పొద్దున అలా జరిగితే ఆ రోజే ఇంకో ప్రయత్నానికి అవకాశం ఉంటుంది, సాయంత్రమైతే ఉండదు. చెన్నైలో విమానం మారేవారు రెండు టికెట్లూ ఒకే బుకింగ్‌లో ఉండేలా చూసుకోండి. విడివిడిగా కొంటే మొదటిది ఆలస్యమై రెండోది తప్పినప్పుడు ఎవరూ బాధ్యత తీసుకోరు.

విశాఖ నుంచి, చెన్నై నుంచి ప్రయాణికుల ఓడలు కూడా ఉన్నాయి. విశాఖ ఓడకు రెండు రోజుల పైనే పడుతుంది. జూన్, జూలైల్లో ఆ ప్రయాణం సరదా కోసం చేసేది కాదు.

దీవుల మధ్య పడవలు రెండు రకాలు. ప్రైవేటు కాటమరాన్లు (వేగంగా వెళ్ళే జంట పొట్టల పడవలు) గంటన్నరలో హేవ్‌లాక్ చేరుస్తాయి, కాని చాలావాటిలో మూసి ఉన్న ఏసీ క్యాబిన్‌లోనే కూర్చోవాలి. ప్రభుత్వ ఓడలకు రెండున్నర గంటలు పడుతుంది, ధర బాగా తక్కువ, డెక్ మీదికి వెళ్ళి గాలి పీల్చుకోవచ్చు. వికారం వచ్చేవారికి ఆ గాలే మందు. వానాకాలంలో ప్రైవేటు సర్వీసులు తగ్గిపోతాయి, కొన్ని పడవలు మరమ్మతులకు వెళతాయి. అందుకే పొద్దుటి పడవ తీసుకుని, ఆ రోజే తర్వాత వెళ్ళే ఇంకో పడవ ఉందో లేదో రాసి ఉంచుకోండి.

డబ్బు కట్టేముందు హోటలును, పడవ కంపెనీని, ఏజెంటును ఒకే ప్రశ్న అడగండి: "వాతావరణం వల్ల పడవ రద్దయితే ఎంత తిరిగి ఇస్తారు, తేదీ మారుస్తారా?" జవాబు ఫోనులో చెబితే సరిపోదు, సందేశంగా రాసి పంపమనండి. పడవ కంపెనీ టికెట్టు డబ్బు తిరిగి ఇచ్చినా, మీరు చేరుకోలేకపోయిన గది డబ్బు హోటలు ఇవ్వాలని లేదు. ఎక్కువమంది నష్టపోయేది అక్కడే.

4. దీవిలో ఏ వైపు ఉండాలి

దీన్ని ఎవరూ అడగరు, అడగాల్సింది ఇదే. నైరుతి రుతుపవనాల్లో గాలి పడమటి వైపు నుంచి కొడుతుంది. హేవ్‌లాక్‌లో పేరుమోసిన రాధానగర్ బీచ్ పడమటి ఒడ్డున ఉంది, అంటే జూలైలో అలలన్నీ దాని మీదికే. తూర్పు ఒడ్డున ఉన్న విజయనగర్ బీచ్, కాలాపత్తర్ ఆ రోజుల్లో చాలా నెమ్మదిగా ఉంటాయి. మే నుంచి సెప్టెంబరు దాకా గది తూర్పు ఒడ్డున తీసుకోండి. రాధానగర్‌కు ఒక సాయంత్రం వెళ్ళి చూసి రండి. నవంబరు, డిసెంబరుల్లో గాలి ఈశాన్యం నుంచి వస్తుంది కాబట్టి ఇదంతా తిరగబడుతుంది.

నీల్‌లో లక్ష్మణ్‌పూర్ పడమర, సీతాపూర్ తూర్పు. సహజ రాతి వంతెన దగ్గరికి ఆటు సమయంలోనే వెళ్ళగలరు. ఆటుపోట్ల వేళలు హోటలు వారికి తెలుస్తాయి, ముందురోజు రాత్రే అడగండి.

గది ఎంచుకునేటప్పుడు జనరేటరు ఉందా, పైకప్పు గట్టిదా అని అడగండి. వెదురు కుటీరాలు ఫొటోల్లో అందంగా ఉంటాయి. మూడు రోజులు ముసురు పడితే వాటిలో దుప్పటి కూడా చెమ్మగిల్లుతుంది.

5. రోజూ సముద్రాన్ని చూడండి, ఆకాశాన్ని కాదు

ఫోనులోని వాతావరణ యాప్ పది రోజులకూ వరసగా ఉరుముల మేఘం బొమ్మే చూపిస్తుంది. దాన్ని చూసి యాత్ర మానుకున్నవారున్నారు. రోజులో ఏదో ఒక గంట వాన పడుతుందని మాత్రమే దాని అర్థం. మీకు కావాల్సినవి గాలి వేగం, అలల ఎత్తు.

బయలుదేరే ఐదు రోజుల ముందు నుంచి ఈ మూడూ చూడండి:

- భారత వాతావరణ శాఖ అండమాన్ బులెటిన్. అందులో మత్స్యకారులకు ఇచ్చే హెచ్చరిక ముఖ్యం. గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల ఈదురుగాలులు అని ఉంటే ఆ రోజు పడవ మీద ఆశ పెట్టుకోకండి.
- ఇన్‌కాయిస్ అలల అంచనా. దేశమంతటికీ సముద్ర సమాచారం ఇచ్చే ఈ సంస్థ ఉన్నది మన హైదరాబాదులోనే. అలల ఎత్తు రెండున్నర మీటర్లు దాటితే వాతావరణ శాఖ లెక్కలో అది అలజడి సముద్రం.
- ఓడరేవు హెచ్చరిక. "విశాఖలో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక" అని వార్తల్లో వింటుంటాం కదా, పోర్ట్ బ్లెయిర్‌లోనూ అదే పద్ధతి. మూడో నంబరు ఎగరేశారంటే రేవుకు ఈదురుగాలుల ముప్పు ఉందని అర్థం.

పోర్ట్ బ్లెయిర్‌లో ఎండ కాస్తున్నా పడవ రద్దు కావచ్చు. దూరాన ఎక్కడో పుట్టిన గాలికి లేచిన అల ఇక్కడి దాకా వస్తుంది. "ఎండగా ఉంది కదా, ఎందుకు ఆపారు" అని జెట్టీలో గొడవపడి లాభం లేదు.

బంగాళాఖాతంలో అల్పపీడనం వాయుగుండంగా మారవచ్చని వార్త వస్తే, హేవ్‌లాక్‌లో ఉన్నవారు ఒక రోజు ముందే పోర్ట్ బ్లెయిర్‌కు వచ్చేయండి. రెండు రాత్రుల వ్యవధి ఒక రద్దును తట్టుకుంటుంది. వాయుగుండం మూడు రోజులు ఆపేస్తే తట్టుకోదు.

6. పడవ ఎక్కే రోజు

ఖాళీ కడుపుతో ఎక్కకండి, పూరీలు తిని కూడా ఎక్కకండి. రెండు ఇడ్లీలు లేదా అరటిపండు, బిస్కెట్లు చాలు. వాంతుల మాత్ర వికారం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పనిచేయదు, బయలుదేరే గంట ముందే పడాలి. అది మగత తెస్తుంది కాబట్టి దిగగానే స్కూటరు నడపకండి. పిల్లలకు ఎంత మోతాదో డాక్టరును అడిగి ముందే రాయించుకోండి.

సీటు పడవ మధ్యలో లేదా వెనక, కింది అంతస్తులో తీసుకోండి. ముందు వరస దృశ్యం బాగుంటుంది, కుదుపూ అక్కడే ఎక్కువ. ఫోను చూడకండి, దూరాన నీరు ఆకాశాన్ని కలిసే గీతను చూడండి. మందులు, ఒక జత బట్టలు, చార్జరు ఒళ్ళోని సంచిలో ఉండాలి. పెద్ద సామాను జెట్టీలో ఎక్కించేటప్పుడు తడుస్తుంది, సూట్‌కేసు లోపల పెద్ద ప్లాస్టిక్ కవరు పరిచి అందులో బట్టలు సర్దండి.

7. నీటిలో దిగేముందు

లైఫ్‌గార్డు లేని చోట, ఎర్ర జెండా ఉన్న చోట దిగకండి. దిగేముందు పది నిమిషాలు ఒడ్డున నిలబడి అలలను గమనించండి. రెండు పక్కలా అలలు విరుగుతూ మధ్యలో ఒక పాయ మాత్రం ప్రశాంతంగా, మట్టి రంగులో, లోపలికి జారుతున్నట్టు కనిపిస్తే అది లోపలికి లాగే ప్రవాహం. తెలియనివారు అక్కడే అల తక్కువగా ఉందని పిల్లలను దింపుతారు. అందులో చిక్కుకుంటే ఒడ్డుకేసి ఈదకండి, అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక బయటికి రండి. ఈత రాకపోతే తేలుతూ చేయి ఊపండి.

మొసళ్ళ మాట అతిశయోక్తి కాదు. ఉప్పునీటి మొసళ్ళు మడ అడవుల్లో, వాగులు సముద్రంలో కలిసే చోట ఉంటాయి, వానల్లో వాగులు నిండుతాయి. 2010లో రాధానగర్ పక్కనున్న నీల్స్ కోవ్‌లో ఒక విదేశీ పర్యాటకురాలిని మొసలి చంపింది. హెచ్చరిక బోర్డు ఉన్న చోట, చీకటిపడ్డాక, మడ అడవి పక్కన మోకాలి లోతు నీటిలోకి కూడా వద్దు. చీకటి తొందరగా పడుతుందని గుర్తుంచుకోండి. దేశమంతటికీ ఒకే గడియారం కాబట్టి అక్కడ తెల్లవారుజామున ఐదుకే వెలుగు వస్తుంది, సాయంత్రం ఆరు కాకముందే సూర్యుడు దిగిపోతాడు.

గాలి రోజున కొబ్బరిచెట్టు కింద కూర్చోవద్దు. ఫొటో కోసం అసలే వద్దు.

8. ముసురు పట్టిన రోజున ఏం చేయాలి

పోర్ట్ బ్లెయిర్‌లో ఉంటే ఇబ్బంది లేదు. సెల్యులార్ జైలుకు సగం రోజు ఇవ్వండి. ఏడు విభాగాల్లో మిగిలింది మూడే, అయినా ఆ వరండాల్లో వానలో నడవడం వేరు. సాయంత్రం జరిగే ధ్వని, కాంతి ప్రదర్శన ఆరుబయట ఉంటుంది, ఆ టికెట్టును మబ్బు చూసి కొనండి. మానవశాస్త్ర మ్యూజియం, నౌకాదళం వారి సముద్రిక మ్యూజియం, ఛాతమ్ రంపపు మిల్లు కలిపి ఇంకో రోజు గడుస్తుంది. సెలవు దినాలు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటాయి, హోటలులో అడిగి బయలుదేరండి. నగరంలో ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆటో మాట్లాడేటప్పుడు ఒకసారి తెలుగులో పలకరించి చూడండి.

వండూరు దగ్గరి సముద్ర జాతీయ పార్కులో జాలీబోయ్ దీవి వానాకాలంలో మూసేస్తారు, బదులుగా రెడ్‌స్కిన్ తెరుస్తారు. ప్యాకేజీలో జూలైకి జాలీబోయ్ అని రాసి ఉంటే ఆ ఏజెంటు పాత కాగితమే పంపాడని అర్థం.

బారాటాంగ్ దీవిలోని సున్నపురాతి గుహల ప్రయాణం వానలో నాకు నచ్చదు. తెల్లవారుజాము మూడు గంటలకే లేచి, జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర వాహనాల వరసలో నిలిచి, జారవా అనే ఆదివాసుల రక్షిత అడవి గుండా ఆగకుండా వెళ్ళాలి. చివర చిన్న పడవ అలల వల్ల ఆగితే అంత దూరమూ ఉత్తదే. వెళ్ళితీరాలనుకుంటే ముందురోజు పడవలు నడిచాయో లేదో కనుక్కోండి. దారిలో ఫొటోలు తీయడం, జారవాలకు తినుబండారాలు ఇవ్వడం నేరం.

అడవి బాటల్లో జలగలు ఉంటాయి. పొడవు మేజోళ్ళు వేసుకుని, కాస్త ఉప్పు పొట్లం దగ్గర ఉంచుకోండి.

9. పడవ రద్దయిందని చెబితే

ఈ వరసలో చేయండి. ముందు ఉన్న గదినే ఇంకో రాత్రికి పొడిగించుకోండి, ఎందుకంటే మిగతావాళ్ళూ అదే పని మీద పరుగెత్తుతారు. తర్వాత ప్రైవేటు, ప్రభుత్వ జెట్టీ కౌంటర్లు రెండింట్లోనూ మర్నాటి టికెట్టు అడగండి. ప్రైవేటు పడవ ఆగినా ప్రభుత్వ ఓడ నడిచే రోజులు కొన్ని ఉంటాయి. మూడోది, రద్దయినట్టు సందేశమో కాగితమో తీసుకోండి, హోటలుతో, విమాన సంస్థతో మాట్లాడేటప్పుడు కావాలి. నాలుగోది, పోర్ట్ బ్లెయిర్ హోటలుకు ఫోను చేసి ఆలస్యం చెప్పండి.

2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబులు వేశాక హేవ్‌లాక్ దాకా ఇంటర్నెట్ మెరుగుపడింది. అయినా గాలివాన రోజున ఫోను చెల్లింపుల మీదే ఆధారపడకండి. ముందు చెప్పిన నగదు అందుకే.

ఎవరైనా చేపల పడవలో దాటిస్తామంటే ఒప్పుకోకండి. పెద్ద ఓడను ఆపిన సముద్రం అది.

10. తిరిగి వచ్చేటప్పుడు, వచ్చాక

అలలు ఒడ్డుకు కొట్టిన పగడపు ముక్కలు, గవ్వలు సంచిలో వేసుకోకండి. విమానాశ్రయంలో తనిఖీ చేసి తీసేసుకుంటారు, వన్యప్రాణి రక్షణ చట్టం కింద కేసు కూడా కావచ్చు.

ఇంటికి వచ్చాక నెల రోజుల్లో జ్వరం వస్తే మామూలు జలుబు జ్వరమని వదిలేయకండి. డెంగీ, మలేరియాలతో పాటు అండమాన్‌లో ఎలుక మూత్రం కలిసిన నీటి వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ బాగా ఎరిగిన జబ్బు. కాలికి పుండు ఉండగా నిలిచిన నీటిలో నడిస్తే అది సోకుతుంది. జ్వరంతో పాటు పిక్కల నొప్పి, కళ్ళు ఎర్రబడటం ఉంటే ఆ రోజే వైద్యుడి దగ్గరికి వెళ్ళి, ఆయన అడగకపోయినా, ఫలానా తేదీల్లో అండమాన్‌లో ఉన్నామని, వాన నీటిలో నడిచామని చెప్పండి. ఏ పరీక్షలు రాయాలో ఆయన నిర్ణయించేది ఆ మాట మీదే.